కారు రేడియేటరు మార్పిడి

కారు రేడియేటరు అనగా ఇంజనులో పుట్టే అధిక వేడిని కూలెంటు అనే ద్రవం ద్వారా గ్రహించి బయటి గాలిలోకి వదిలే ఉష్ణ వినిమయ పరికరము. ఇది సాధారణంగా కారు ముందు భాగంలో, గ్రిల్లు వెనుక అమర్చబడి ఉంటుంది. కొంతకాలం వాడిన తరువాత రేడియేటరు లోపల పూడుకొనిపోవడం వలన గాని, అతుకుల వద్ద కారడం వలన గాని పనికిరాకుండా పోతుంది. అప్పుడు దానిని బాగుచేయించడం లేదా దాని స్థానంలో మరొకటి అమర్చడం అవసరమవుతుంది.

ప్రస్తుతం తయారీలో ఉన్న కార్లకు ఈ పని సులభమే. ఉత్పత్తి నిలిచిపోయిన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మారుతి 800 వంటి పాత కార్ల విషయంలో మాత్రం సరిపోయే రేడియేటరును ఎంపిక చేసుకోవడం ఆలోచించి చేయవలసిన పని. రేడియేటరు ఒంటరిగా పనిచేసే భాగం కాదు. మూత, థర్మోస్టాట్, నీటి పంపు, ఫ్యాను, కూలెంటు అన్నీ కలిసిన ఒక వ్యవస్థలో అది ఒక భాగం. మిగిలిన వ్యవస్థకు సరిపోని రేడియేటరు ఎంత పెద్దదైనా, ఎంత ఖరీదైనదైనా ఇంజనును కాపాడలేదు.

చరిత్ర

తొలినాటి మోటారు వాహనాలలో ఇంజను చుట్టూ ఉన్న నీరు మరిగి ఆవిరైపోవడం ద్వారానే వేడి తగ్గేది. అందువలన తరచుగా నీరు పోయవలసి వచ్చేది. జర్మనీకి చెందిన ఇంజనీరు విల్‌హెల్మ్ మేబాక్ రూపొందించిన తేనెపట్టు రేడియేటరు ఈ పరిస్థితిని మార్చింది. 1900-1901 కాలంలో తయారైన మెర్సిడెస్ 35 హెచ్.పి. కారులో దీనిని వాడారు. ఇందులో 6 మిల్లీమీటర్ల చదరపు కోత గల 8,070 చిన్న గొట్టాలు ఉండేవి. గాలికి తగిలే ఉపరితలం విపరీతంగా పెరగడం వలన సుమారు 9 లీటర్ల నీటితోనే ఇంజనును చల్లగా ఉంచడం సాధ్యమయింది.

ఆ తరువాత కాలంలో సన్నని చదునైన గొట్టాలు, వాటి మధ్య మడతలు పెట్టిన పలుచని లోహపు రెక్కలు గల నిర్మాణం స్థిరపడింది. 1908 నుండి 1927 వరకు తయారైన ఫోర్డ్ మోడల్ టి కార్లలో, తొలి కొన్ని వేల కార్లను మినహాయిస్తే, నీటి పంపు ఉండేది కాదు. వేడి నీరు తేలికై పైకి, చల్లని నీరు బరువై కిందికి కదిలే సహజ ప్రవాహమే వాటికి ఆధారం. క్రమంగా నీటి పంపు, థర్మోస్టాట్, పీడనాన్ని నిలిపి ఉంచే మూత అన్ని కార్లలోను సాధారణమయ్యాయి.

చాలాకాలం పాటు రేడియేటర్లను రాగి, ఇత్తడి లోహాలతో తయారుచేసి సీసము-తగరము మిశ్రమంతో టంకం వేసేవారు. 1970ల నుండి అల్యూమినియం కోరుకు ప్లాస్టిక్ ట్యాంకులు బిగించిన రేడియేటర్లు వాడుకలోకి వచ్చి, తరువాతి రెండు దశాబ్దాలలో చాలా కార్లలో పాత పద్ధతి స్థానాన్ని ఆక్రమించాయి. పాత కారు యజమానికి ఎదురయ్యే ఎంపిక చాలావరకు ఈ రెండు రకాల మధ్యనే ఉంటుంది.

భారతదేశపు పాత కార్లు

భారతదేశంలో పాత కార్లుగా ఎక్కువగా కనిపించేవి మూడు.

- హిందుస్థాన్ అంబాసిడర్: బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు ఆధారంగా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 1950ల చివరి నుండి 2014 వరకు తయారయింది. ఇంజను నిలువుగా, రేడియేటరు దాని ముందు, ఫ్యాను నీటి పంపుతో పాటు బెల్టు ద్వారా తిరిగే పద్ధతిలో ఉంటుంది. బయటికి ఒకేలా కనిపించే ఈ కారులో వేర్వేరు కాలాలలో 1.5 లీటర్ల పెట్రోలు, 1.5 లీటర్ల డీజిలు, తరువాత ఇసుజు 1.8 లీటర్ల పెట్రోలు ఇంజన్లు వచ్చాయి.
- ప్రీమియర్ పద్మిని: ఇటలీకి చెందిన ఫియట్ 1100 ఆధారంగా ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ బొంబాయిలో తయారుచేసిన కారు. 1964లో ఫియట్ పేరుతో మొదలై 1970లలో పద్మిని అనే పేరు పొందింది. ఇంజను సామర్థ్యం 1089 ఘన సెంటీమీటర్లు. ముంబై నగరంలో నలుపు-పసుపు టాక్సీగా 2023 అక్టోబరు వరకు నడిచింది.
- మారుతి 800: 1983 డిసెంబరు నుండి 2014 జనవరి వరకు తయారయింది. 796 ఘన సెంటీమీటర్ల మూడు సిలిండర్ల ఇంజను ఉంటుంది. ఫ్యాను విద్యుత్తుతో పనిచేస్తుంది.

కనుక "అంబాసిడర్ రేడియేటరు" అని అడిగి తెచ్చుకున్నంత మాత్రాన అది కారుకు సరిపోతుందని చెప్పలేము. ఏ సంవత్సరపు కారు, ఏ ఇంజను, ఏ.సి. ఉన్నదా లేదా అనే వివరాలు కూడా అవసరము. మునుపటి యజమాని ఇంజను మార్పించి ఉంటే రిజిస్ట్రేషను పత్రంలోని సంవత్సరం కంటే కారులో ప్రస్తుతం ఉన్న ఇంజనే ప్రమాణము.

పనిచేయు విధానము

పెట్రోలు మండినపుడు వెలువడే శక్తిలో ఉజ్జాయింపుగా మూడవ వంతు పొగతో పాటు బయటికి పోతుంది. దాదాపు అంతే భాగం కూలెంటులోకి చేరుతుంది. చక్రాలను తిప్పడానికి మిగిలేది మూడవ వంతు లేదా అంతకంటే తక్కువ. అంటే ఇంజను చేసే పనికి దాదాపు సమానమైన వేడిని రేడియేటరు నిరంతరం బయటికి పంపుతూ ఉండాలి.

నీటి పంపు కూలెంటును ఇంజను లోపలి మార్గాలలోకి నెడుతుంది. ఇంజను వేడెక్కే వరకు థర్మోస్టాట్ మూసుకొని ఉంటుంది. నిర్ణీత ఉష్ణోగ్రత రాగానే, సాధారణంగా 80 నుండి 90 డిగ్రీల సెల్సియస్ మధ్య, అది తెరుచుకొని కూలెంటును రేడియేటరులోకి వదులుతుంది. కూలెంటు సన్నని గొట్టాల గుండా పోతున్నపుడు వేడి గొట్టపు గోడలకు, అక్కడినుండి రెక్కలకు, వాటినుండి గాలికి చేరుతుంది. చల్లబడిన కూలెంటు కింది రబ్బరు పైపు ద్వారా తిరిగి పంపును చేరుతుంది.

ఒక ఉదాహరణ: ఇంజను నుండి కూలెంటుకు సెకనుకు 25 కిలోజౌళ్ళ వేడి చేరుతున్నదని, రేడియేటరులో నీరు 6 డిగ్రీలు చల్లబడుతున్నదని అనుకుందాము. ఒక కిలో నీటి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ మారడానికి సుమారు 4.2 కిలోజౌళ్ళు కావాలి. కనుక సెకనుకు దాదాపు ఒక లీటరు, అనగా నిమిషానికి 60 లీటర్ల నీరు రేడియేటరు గుండా ప్రవహించాలి. గొట్టాలలో సగం పూడుకుపోతే ఏమవుతుందో దీనినిబట్టి గ్రహించవచ్చు.

కూలెంటు ప్రవహించే దిశనుబట్టి రేడియేటర్లు రెండు రకాలు. ట్యాంకులు పైన, కింద ఉండి కూలెంటు పైనుండి కిందికి ప్రవహించేది ఒక రకము. ట్యాంకులు రెండు పక్కల ఉండి అడ్డంగా ప్రవహించేది రెండవ రకము. ఎత్తైన ముందు భాగం గల పాత కార్లలో మొదటి రకము, బానెట్ ఎత్తు తగ్గిన తరువాతి కార్లలో రెండవ రకము ఎక్కువగా కనిపిస్తాయి.

వేసవి ప్రభావము

రేడియేటరు విడుదల చేయగల వేడి, కూలెంటుకు బయటి గాలికి మధ్యగల ఉష్ణోగ్రతా భేదంపై ఆధారపడుతుంది. కూలెంటు 90 డిగ్రీలు, గాలి 25 డిగ్రీలు ఉన్నపుడు భేదం 65 డిగ్రీలు. రామగుండం, రెంటచింతల, విజయవాడ వంటి చోట్ల వేసవిలో గాలి 45 డిగ్రీలకు చేరితే భేదం 45 డిగ్రీలే మిగులుతుంది. అంటే అదే రేడియేటరు, అదే వేగంలో సుమారు 30 శాతం తక్కువ వేడిని మాత్రమే వదలగలదు. ఏ.సి. ఉన్న కార్లలో రేడియేటరు ముందు ఉండే కండెన్సరు గాలిని ఇంకొంత వేడిచేస్తుంది. చలికాలంలో ఏ ఇబ్బందీ లేని కారు మే నెలలో వేడెక్కడానికి ఇదే కారణము. సగం పూడుకున్న రేడియేటరు లోపం ఎండలలోనే బయటపడుతుంది.

పాడగుటకు కారణములు

- కఠిన జలము: బోరు నీటిలో కరిగి ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడి తగిలిన చోట తెల్లని సున్నపు పొరగా పేరుకుంటాయి. ఈ పొర ఉష్ణవాహకత లోహంతో పోలిస్తే అతి స్వల్పము. గొట్టం పూర్తిగా మూసుకుపోకముందే వేడి ప్రసారం తగ్గిపోతుంది.
- తుప్పు: పోత ఇనుముతో చేసిన ఇంజను బ్లాకు లోపల ఏర్పడే తుప్పు రేణువులు గొట్టాల మొదళ్ళలో చేరి అడ్డుపడతాయి.
- టంకం బలహీనపడుట: వేడెక్కడం, చల్లబడడం, కుదుపులు వేలసార్లు జరగడం వలన ట్యాంకుకు కోరుకు మధ్యగల అతుకులు విచ్చుకుంటాయి.
- రెక్కలు ఊడుట: బయటినుండి చూస్తే రెక్కలు ఉన్నట్లే కనిపించినా గొట్టాలతో వాటి అతుకు పోయి ఉండవచ్చు. వేలితో తాకితే పొడిగా రాలిపోతాయి. ఇటువంటి కోరు కారకపోయినా వేడిని వదలలేదు.
- విద్యుద్రసాయన క్షయము: వేర్వేరు లోహాలు ఒకే ద్రవంలో ఉన్నపుడు, లేదా ఇంజనుకు బ్యాటరీకి మధ్య ఎర్తు తీగ సరిగా లేక విద్యుత్తు కూలెంటు గుండా ప్రవహించినపుడు లోహం తినివేయబడి సూది రంధ్రాలు పడతాయి.

మార్చుటకు ముందు పరీక్షలు

ఇంజను వేడెక్కినంత మాత్రాన తప్పు రేడియేటరుదే అనుకోరాదు. ఎప్పుడు వేడెక్కుతున్నదో గమనిస్తే లోపం ఎక్కడున్నదో చాలావరకు తెలుస్తుంది.

ట్రాఫిక్‌లో నిలిచినపుడు మాత్రమే వేడెక్కి, కారు వేగం అందుకోగానే తగ్గిపోతే లోపం సాధారణంగా గాలి ప్రవాహంలో ఉంటుంది. వదులైన ఫ్యాను బెల్టు, పనిచేయని విద్యుత్ ఫ్యాను లేదా దాని స్విచ్, ఊడిపోయిన ఫ్యాను తొడుగు దీనికి కారణం కావచ్చు. ఇందుకు భిన్నంగా రహదారిపై వేగంగా వెళ్ళినపుడు, ఎత్తు ఎక్కినపుడు వేడెక్కితే గొట్టాలు పూడుకుపోవడం, నీటి పంపు రెక్కలు అరిగిపోవడం, మెత్తబడిన కింది రబ్బరు పైపు పంపు పీల్చుడుకు ముడుచుకుపోవడం వంటివి అనుమానించాలి. బండి కదిలిన కొద్ది నిమిషాలకే వేడెక్కితే థర్మోస్టాట్ తెరుచుకోకపోవడం కారణం కావచ్చు.

కూలెంటు తగ్గిపోతూ బయట ఎక్కడా కారిన గుర్తు లేకపోతే హెడ్ గాస్కెటును పరీక్షించాలి. గాస్కెటు పోయినపుడు మండిన వాయువులు కూలెంటులోకి చేరుతాయి. రేడియేటరు మూతి వద్ద గాలిని నీలిరంగు పరీక్షా ద్రవం గుండా లాగితే, కార్బన్ డయాక్సైడు ఉన్నట్లయితే అది పసుపు రంగుకు మారుతుంది. ఈ లోపం ఉన్న కారుకు కొత్త రేడియేటరు వేయడం వలన ప్రయోజనం ఉండదు.

రేడియేటరును పరీక్షించే పద్ధతులు కొన్ని:

1. పీడన పరీక్ష: చల్లని ఇంజనుపై మూత స్థానంలో చేతి పంపును బిగించి, మూతపై ముద్రించిన పీడనం వరకు గాలి ఎక్కించి, ముల్లు దిగుతున్నదేమో చూస్తారు.
2. ఉష్ణోగ్రత పరీక్ష: ఇంజను వేడిగా ఉన్నపుడు పరారుణ థర్మామీటరుతో కోరు అంతటా కొలుస్తారు. చుట్టుపక్కల వేడిగా ఉండి మధ్యలో కొంత భాగం మాత్రం చల్లగా ఉంటే ఆ గొట్టాలలో ప్రవాహం లేదని అర్థము.
3. ప్రవాహ పరీక్ష: విప్పిన రేడియేటరును నీటితో నింపి కింది మూతిని ఒక్కసారిగా తెరుస్తారు. నీరు ధారగా దూకకుండా నెమ్మదిగా దిగితే పూడుకున్నట్లే.

పాత కార్లలో వేసవి రాగానే థర్మోస్టాట్‌ను తీసివేసే అలవాటు ఉన్నది. ఇది రేడియేటరు లోపాన్ని కొంతకాలం కప్పిపుచ్చుతుందే గాని సరిచేయదు. తేలికగా నడిచేటపుడు ఇంజను తగినంత వేడెక్కక ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. థర్మోస్టాటే పక్క మార్గాన్ని కూడా మూసేలా రూపొందించిన ఇంజన్లలో దానిని తీసివేస్తే కొంత కూలెంటు రేడియేటరును చేరకుండానే తిరిగి ఇంజనులోకి పోతుంది.

మార్పిడిలో గల మార్గములు

శుభ్రపరచుట: రాగి-ఇత్తడి రేడియేటరు ట్యాంకులను టంకం కరిగించి విప్పి, గొట్టాలలోకి సన్నని లోహపు పట్టీలను దూర్చి పూడికను తొలగించి, ట్యాంకులను మళ్ళీ అతుకుతారు. గొట్టాలు, రెక్కలు గట్టిగా ఉన్నపుడు ఇదే అన్నిటికంటే చవకైన మార్గము. గొట్టాలు పలుచబడి ఉంటే ఈ పనిలోనే చిల్లులు పడవచ్చు. పాడయిన గొట్టాలను రెండు చివరల మూసివేసే అలవాటు కూడా ఉన్నది. మూసిన ప్రతి గొట్టంతోను సామర్థ్యం తగ్గుతుంది.

కోరు మార్చుట: పాత ట్యాంకులను, పక్క పట్టీలను ఉంచి, మధ్య భాగమైన కోరును మాత్రమే కొత్తగా వేస్తారు. మూతులు, బిగింపు రంధ్రాలు అసలువే కావడం వలన రేడియేటరు కారులో సరిగ్గా కూర్చుంటుంది, అసలు రూపం చెడదు. విడిభాగాలు దొరకని కార్లకు ఇది చాలా సందర్భాలలో ఉత్తమ మార్గము. ట్యాంకులు తినివేయబడకుండా ఉండడం, నైపుణ్యం గల పనివారు దొరకడం దీనికి అవసరము.

కొత్త రాగి-ఇత్తడి రేడియేటరు: పాత నమూనా ప్రకారం తయారైనది. బరువు ఎక్కువ. తరువాతి కాలంలో టంకంతో బాగుచేసుకునే వీలుంటుంది.

అల్యూమినియం కోరు, ప్లాస్టిక్ ట్యాంకు: 1980ల తరువాతి కార్లలో చాలావాటికి మొదటినుండి ఉన్నది ఇదే. తేలిక, చవక. ప్లాస్టిక్ ట్యాంకు వేడికి సంవత్సరాల తరబడి గురై పెళుసుబారి పగులుతుంది. అపుడు బాగుచేయడం కంటే మార్చడమే మేలు.

పూర్తి అల్యూమినియం రేడియేటరు: ట్యాంకులు కూడా అల్యూమినియంతో చేసి వెల్డింగు చేస్తారు. దృఢమైనది, తేలికైనది. రంగు, ఆకారం అసలు దానికి భిన్నంగా ఉంటాయి. వెల్డింగు నాణ్యతపై దీని ఆయుష్షు ఆధారపడుతుంది.

వాడిన రేడియేటరు: పాత సామాన్ల దుకాణాలలో దొరుకుతుంది. కొనే ముందు పైన చెప్పిన పీడన, ప్రవాహ పరీక్షలు చేయించడం తప్పనిసరి. ఏళ్ళ తరబడి ఖాళీగా ఎండిపోయిన రేడియేటరులో పూడిక గట్టిపడి ఉంటుంది.

ఏ మార్గం ఎంచుకున్నా, కొత్తది బిగించి కొన్నాళ్ళు నడిపి చూసేవరకు పాత రేడియేటరును తుక్కు కింద అమ్మివేయరాదు. ఉత్పత్తి నిలిచిన కారుకు పాత ట్యాంకులు, బిగింపు పట్టీలే కొలతలకు మిగిలిన ఆధారము.

లోహము

రాగి ఉష్ణవాహకత మీటరు-కెల్విన్‌కు సుమారు 400 వాట్లు, అల్యూమినియం సుమారు 235 వాట్లు, ఇత్తడి సుమారు 110 నుండి 120 వాట్లు. ఈ అంకెలను మాత్రమే చూసి రాగి రేడియేటరే ఎక్కువ చల్లబరుస్తుందని అనుకోవడం పొరపాటు. రాగి-ఇత్తడి రేడియేటరులో రెక్కలు రాగివి, గొట్టాలు ఇత్తడివి, మధ్యలో టంకపు పొర ఉంటుంది. అల్యూమినియం దృఢత్వం వలన గొట్టాలను మరింత వెడల్పుగా చేయవచ్చు. వెడల్పు గొట్టం రెక్కకు ఎక్కువ మేర అంటుకొని ఉంటుంది. పైగా వేడి ప్రసారానికి ముఖ్యమైన అవరోధం లోహంలో కాక, రెక్కలకు గాలికి మధ్యనే ఉంటుంది. కాబట్టి రెండు లోహాలతోను సమానంగా పనిచేసే రేడియేటర్లను తయారుచేయవచ్చు. లోహం పేరు కంటే కోరు వైశాల్యం, రెక్కల సాంద్రత, పనితనం ముఖ్యము.

అల్యూమినియం సాంద్రత 2.7, రాగి సాంద్రత దాదాపు 9. అందువలన అల్యూమినియం రేడియేటరు బరువు చాలా తక్కువ. అయితే కేవలం మంచినీరు లేదా బోరు నీరు పోసి నడిపే కారులో అల్యూమినియం త్వరగా తినివేయబడుతుంది. ఈ రకాన్ని ఎంచుకొనేవారు సరైన కూలెంటు వాడడాన్ని కూడా అంగీకరించినట్లే.

కొలతలు

కొత్తది కొనే ముందు పాత రేడియేటరును బయటికి తీసి ఈ వివరాలు కొలిచి రాసుకోవాలి.

- కోరు ఎత్తు, వెడల్పు, మందము. ట్యాంకులతో కలిపిన మొత్తం కొలతలు వేరుగా రాయాలి.
- గొట్టాల వరుసల సంఖ్య, రెక్కల సాంద్రత.
- పై, కింది మూతుల బయటి వ్యాసము, అవి ఎడమవైపు ఉన్నవా కుడివైపు ఉన్నవా, ఏ కోణంలో వంగి ఉన్నవి.
- బిగింపు రంధ్రాల మధ్య దూరము, రబ్బరు దిమ్మల స్థానము.
- మూత మెడ లోతు, వ్యాసము, పొర్లే పైపు ఉన్న చోటు.
- ఉష్ణోగ్రత స్విచ్ లేదా సెన్సారు బిగించే రంధ్రపు మర.
- ఆటోమేటిక్ గేరుబాక్సు ఉంటే దాని ఆయిలును చల్లబరిచే పైపుల మూతులు.
- ఫ్యాను రెక్కలకు కోరుకు మధ్యగల ఖాళీ.

మందమైన కోరు ఎప్పుడూ మేలు కాదు. ముందు వరుసలలో వేడెక్కిన గాలే వెనుక వరుసలకు చేరుతుంది. కనుక వరుస పెరిగేకొద్దీ అదనపు లాభం తగ్గుతూ పోతుంది. మందం పెరిగితే గాలికి అడ్డంకి కూడా పెరిగి, తక్కువ వేగంలో ఫ్యాను లాగగల గాలి తగ్గుతుంది. అదే స్థలంలో కోరు ముఖ వైశాల్యాన్ని పెంచగలిగితే ఎక్కువ ప్రయోజనం ఉంటుంది. వెడల్పులో తేడాగల అల్యూమినియం గొట్టాలను, ఇత్తడి గొట్టాలను వరుసల సంఖ్యతో పోల్చరాదు.

మూత మరియు పీడనము

రేడియేటరు మూత కేవలం మూసే సాధనం కాదు. అందులోని స్ప్రింగు కవాటము వ్యవస్థలో నిర్ణీత పీడనాన్ని నిలుపుతుంది. పీడనం పెరిగితే నీటి మరుగు స్థానం పెరుగుతుంది. సముద్రమట్టం వద్ద 100 డిగ్రీల వద్ద మరిగే నీరు 0.5 బార్ మూతతో సుమారు 111 డిగ్రీల వరకు, 0.9 బార్ మూతతో సుమారు 118 డిగ్రీల వరకు మరగదు. కారు చల్లబడినపుడు రెండవ చిన్న కవాటము తెరుచుకొని బయటి సీసాలోని కూలెంటును లోపలికి తీసుకుంటుంది.

పాత కారు మొత్తం తక్కువ పీడనానికి రూపొందించబడి ఉంటే, ఎక్కువ పీడనం గల మూత బిగించడం ప్రమాదకరము. బలహీనమైన టంకపు అతుకు, రబ్బరు పైపు లేదా హీటరు కోరు విచ్చుకుంటుంది. కొత్త రేడియేటరు ఎంత పీడనాన్ని తట్టుకున్నా, వ్యవస్థలో అన్నిటికంటే బలహీనమైన భాగం తట్టుకోగల పీడనాన్నే ప్రమాణంగా తీసుకోవాలి. మూత మెడ లోతు తేడాగా ఉంటే సరైన అంకె ముద్రించిన మూత కూడా సరైన పీడనాన్ని నిలపదు. రేడియేటరుతో పాటు మూతను కూడా కొత్తది వేయడం మంచిది.

ఫ్యాను

ఫ్యాను చుట్టూ తొడుగు లేకపోతే అది తన ఎదురుగా ఉన్న కోరు భాగం గుండా మాత్రమే గాలిని లాగుతుంది. మూలలు వృథా అవుతాయి. అసలు కారులో తొడుగు ఉండి పోయి ఉంటే దానిని తిరిగి అమర్చడం కొత్త రేడియేటరు కొనడానికి ముందు చేయవలసిన పని. బెల్టు ఫ్యాను స్థానంలో విద్యుత్ ఫ్యాను వేసేవారు కారు విద్యుత్ సామర్థ్యాన్ని చూసుకోవాలి. డైనమో గల పాత కార్లలో రాత్రివేళ దీపాలతో పాటు ఫ్యానుకు సరిపడే విద్యుత్తు అందకపోవచ్చు. బ్యాటరీ ధన ధ్రువాన్ని ఎర్తు చేసిన కొన్ని పాత బ్రిటిష్ కార్లలో తీగలు మామూలుగా కలిపితే ఫ్యాను తలకిందులుగా తిరిగి గాలిని ఎదురు దిశలో నెడుతుంది.

కూలెంటు

కూలెంటు అనగా నీరు, ఇథిలీన్ గ్లైకాల్, క్షయ నిరోధకాల మిశ్రమము. సగం నీరు సగం గ్లైకాల్ కలిపిన మిశ్రమం సాధారణ పీడనంలో సుమారు 107 డిగ్రీల వద్ద మరుగుతుంది, సుమారు -37 డిగ్రీల వరకు గడ్డకట్టదు. కాని వేడిని మోసే శక్తిలో నీరే మేలు. సగం మిశ్రమం విశిష్టోష్ణం నీటికంటే దాదాపు 15 నుండి 20 శాతం తక్కువ. కనుక గ్లైకాల్ ఎక్కువ పోసినకొద్దీ ఎక్కువ చల్లబడుతుందనే భావన సరికాదు. మంచు పడని ప్రాంతాలలో కూలెంటు ముఖ్య ప్రయోజనం మరుగు స్థానం పెంచడం, అంతకంటే ముఖ్యంగా లోహాన్ని కాపాడడం.

కూలెంటు రంగు దాని రకానికి ప్రామాణిక గుర్తు కాదు. సీసపు టంకం గల రాగి-ఇత్తడి రేడియేటరుకు దానికి తగినదని తయారీదారు స్పష్టంగా పేర్కొన్న కూలెంటునే వాడాలి. రెండు రకాలను కలపరాదు. కలపడానికి డిస్టిల్డ్ వాటరు వాడాలి. ఇది బ్యాటరీ దుకాణాలలో దొరుకుతుంది. క్షయ నిరోధకాలు కాలక్రమంలో ఖర్చయిపోతాయి కనుక డబ్బాపై సూచించిన గడువు ప్రకారం మార్చాలి.

అమరిక

కొత్త రేడియేటరు బిగించే ముందు ఇంజను బ్లాకును నీటితో బాగా కడగాలి. లేనిచో బ్లాకులోని తుప్పు వచ్చి కొత్త గొట్టాలలో చేరుతుంది. రబ్బరు పైపులు, బిగింపు పట్టీలు, ఫ్యాను బెల్టు, థర్మోస్టాట్ అదే సమయంలో మార్చడం వలన మళ్ళీ విప్పే పని తప్పుతుంది. రేడియేటరు రబ్బరు దిమ్మలపై కూర్చోవాలి. బోల్టులు పట్టనిచో లాగి బిగించరాదు. అలా బిగించిన రేడియేటరుపై చట్రపు మెలికలన్నీ పడి అతుకులు విచ్చుకుంటాయి.

కూలెంటును నెమ్మదిగా పోస్తూ, హీటరు ఉంటే దాని కవాటాన్ని తెరిచి, లోపల చిక్కుకున్న గాలి బయటికి పోయేవరకు ఇంజనును నడపాలి. పూర్తిగా చల్లారిన తరువాత మట్టాన్ని మళ్ళీ చూడాలి. మొదటి కొద్ది రోజులు ప్రతి ఉదయం చూడడం అవసరము.

భారతదేశంలో 2021 జూలైలో సవరించిన మోటారు వాహన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషను నుండి 50 సంవత్సరాలు దాటి, చాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు చేయని వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకోవచ్చును. ఇటువంటి కార్లలో పెద్ద రేడియేటరు పట్టడం కోసం ముందు భాగపు లోహపు చట్రాన్ని కోయడం తగదు.

జాగ్రత్తలు

- వేడిగా ఉన్న రేడియేటరు మూతను తీయరాదు. పీడనం ఒక్కసారిగా తగ్గగానే 100 డిగ్రీలు దాటిన నీరు మరిగి చిమ్ముతుంది. ముఖము, చేతులు తీవ్రంగా కాలుతాయి.
- ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీతకు చేరితే వెంటనే కారు ఆపాలి. వేడెక్కిన ఇంజనులో చల్లని నీరు పోస్తే సిలిండర్ హెడ్ పగలవచ్చు. మారుతి 800 వంటి అల్యూమినియం హెడ్ గల ఇంజన్లలో అధిక వేడికి హెడ్ వంకరపోతుంది. ఆ ఖర్చు సాధారణంగా రేడియేటరు ధరను మించుతుంది.
- ఇథిలీన్ గ్లైకాల్ విషము. రుచి తియ్యగా ఉండడం వలన పిల్లలు, కుక్కలు, పశువులు తాగే ప్రమాదం ఉన్నది. తీసిన కూలెంటును మురుగు కాలువలోను, నేలపైన పారబోయరాదు.
- పాత టంకంలో సీసం ఉంటుంది. దానిని కరిగించేటపుడు గాలి ఆడే చోట పనిచేయాలి, పని తరువాత చేతులు కడుగకుండా ఆహారం తినరాదు. రేడియేటర్లు బాగుచేసే పనివారికి సీసపు విషప్రభావం వృత్తి సంబంధమైన ఆరోగ్య సమస్యగా గుర్తించబడింది.
- పనికిరాని రాగి, ఇత్తడి, అల్యూమినియం లోహాలన్నీ కరిగించి మళ్ళీ వాడదగినవే.

ఇవి కూడా చూడండి

- అంతర్దహన యంత్రము
- ఉష్ణ వినిమయకం
- హిందుస్థాన్ అంబాసిడర్
- ప్రీమియర్ పద్మిని
- మారుతి 800
- కఠిన జలము